ఎంచుకున్న గ్రామాలు: సున్న

సోమవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, జిల్లాలో నీళ్ళు అవసరమైన గ్రామం ఒక్కటి కూడా లేదని ప్రభుత్వం కనిపెట్టింది.

అప్పటిదాకా అలాంటి గ్రామాలు రెండు వందల పన్నెండు ఉన్నాయని జిల్లాలో అందరూ అనుకుంటూ వచ్చారు. అలా అనుకోవడానికి కారణాలు లేకపోలేదు. ఆ ఊళ్ళ సర్పంచులు అర్జీలు పెట్టుకున్నారు. ఇంజనీర్లు వెళ్ళి బోర్లు ఆడించి చూసి, గాలి తప్ప ఏమీ రావడం లేదని సంతకాలు చేసి వచ్చారు. ఆ సంతకాల కింద తహసీల్దార్లు సంతకాలు పెట్టారు. ఏప్రిల్ సగం దాటింది. ఇక ఊరికో ట్యాంకరు చొప్పున పంపడమే మిగిలింది. పంపవలసింది వేసవి తాగునీటి కార్యాలయం.

నిరుటి దాకా ఆ పని నోటిమాట మీద జరిగిపోయేది. నీళ్ళు లేవని ఊరు చెప్తే ట్యాంకరు వెళ్ళేది. ఇంత సులువుగా జరిగే పని మీద ప్రభుత్వానికి అనుమానం కలగడం సహజం. అందుకని ఈ ఏడాది ‘జలనేత్రం’ అనే కంప్యూటర్ తెరను తీసుకొచ్చారు. తెరకు ఎడమవైపు గ్రామాల పేర్ల జాబితా. పైన ఒక పెట్టె. పెట్టె మీద ‘ఎంచుకున్న గ్రామాలు’ అని రాసి, దాని కింద ఒక అంకె. దీనికి తోడుగా ఒక ఉత్తర్వు: రాజధానిలో కమిషనర్ గారి తెర మీద ఎంపికై కనిపించిన గ్రామాలకు మాత్రమే ట్యాంకర్లు విడుదల చేయవలెను.

సోమవారం వీడియో సమావేశంలో కమిషనర్ గారు ఆ తెర తెరిచారు. పెట్టెలో సున్న ఉంది.

“కోదండపాణీ, వాటీజ్ దిస్? మీ జిల్లా ఎంపిక సున్న,” అన్నారు కమిషనర్.

జిల్లా కార్యాలయానికి అధిపతి అయిన డిప్యూటీ డైరెక్టర్ కోదండపాణి గారు కుర్చీలోంచి సగం లేచారు. కెమెరాలో ఆయన తల కనిపించకుండా పోయి, టై మాత్రం కనిపించింది.

“సార్, క్షేత్రస్థాయిలో చర్యలు ముమ్మరంగా...”

“పక్క జిల్లా ఏడు. కనీసం వాళ్ళను చూసి నేర్చుకోండి. శుక్రవారానికి నూటికి నూరు శాతం ఎంపిక కనిపించాలి. అర్థం కానివారెవరైనా ఉన్నారా?”

పదమూడు జిల్లాల అధికారుల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు.

చివరి వరుసలో, తలుపు పక్కన, ఓబులేసు కూర్చొని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ కార్యాలయంలో గణాంక సహాయకుడు. జలనేత్రం వచ్చినప్పుడు సెక్షనుకొకటి చొప్పున మూడు వందల పేజీల పుస్తకం పంచారు. జిల్లా మొత్తం మీద దాన్ని చదివినవాడు అతనొక్కడే. చదవడం తన ఉద్యోగంలో భాగం అనుకున్నాడు పాపం. అతనికి ఆ సున్న చూసి దిగులు కలగలేదు. పక్క జిల్లా ఏడు చూసి నవ్వొచ్చింది. కమిషనర్ గారి బల్ల తుడిచేటప్పుడు ఎవరి చెయ్యో మౌస్ మీద పడి, ఏడు పేర్లు నొక్కుకొని ఉంటాయి.

సమావేశం అయ్యాక అతను కోదండపాణి గారి గదిలోకి వెళ్ళాడు.

“సార్, ఆ పెట్టె చెప్పేది గ్రామాల సంగతి కాదు సార్. మన వేలి సంగతి.”

“వేలా?”

“అవును సార్. ఆ తెర ముందర కూచున్నోళ్ళు జాబితాలో ఎన్ని పేర్లు నొక్కినారో, అది ఆ సంఖ్యే చూపిస్తాది. ఎవరూ ఏమీ నొక్కకపోతే సున్న. నొక్కలేదంటే ఏ ఊరినీ పక్కన పెట్టలేదని అర్థం. అంటే రెండు వందల పన్నెండూ లెక్కలో ఉన్నట్టే సార్. ఎన్ని ఊర్లు ఉండాయో చెప్పేదానికి కంప్యూటర్లో వేరే లెక్క సూత్రం ఉంది. ఈ పెట్టె చేసినోళ్ళు అది వదిలేసి దీన్ని పెట్టినారు.”

కోదండపాణి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కోస్తా జిల్లా మనిషి. మర్యాద తెలిసినవారు. కోపం వచ్చినప్పుడు ఇంకా మర్యాదగా మాట్లాడతారు.

“అంటే సున్న అంటే అన్నీ అని తమరి అభిప్రాయం.”

“ఆ పెట్టెలో సార్.”

“శూన్యమే సమస్తం అని వేదాంతంలో ఉంటే ఉండవచ్చు ఓబులేసు గారూ. ప్రభుత్వంలో లేదు. కమిషనర్ గారికి ఫోన్ చేసి, అయ్యా, మీరు సున్న చూశారు గానీ అది రెండు వందల పన్నెండు అని నేను చెప్పాలా? రిటైర్మెంటుకు నాకింకా పద్దెనిమిది నెలలుంది.”

“ఒక్కసారి చూడండి సార్,” అంటూ ఓబులేసు ఆయన కంప్యూటర్ మీద జాబితాలో మొట్టమొదటి పేరు నొక్కాడు. అంకాలగుట్ట. ఆ పేరు ఆకుపచ్చగా మారింది. పెట్టెలో సున్న పోయి ఒకటి వచ్చింది.

కోదండపాణి గారి ముఖం విప్పారింది. “అదీ! చూశావా? ప్రయత్నిస్తే ప్రగతి ఉంటుంది. ఒకటి వచ్చింది.” అంతలో ఆయన చూపు కిందికి జారింది. అప్పటిదాకా తెల్లగా ఉన్న మిగతా రెండు వందల పదకొండు పేర్లూ బూడిద రంగులోకి తిరిగాయి. “ఇవేమిటి, ఇలా మాడిపోయాయి?”

“ఒకదాన్ని ఎంచుకుంటే మిగిలినవాటిని వద్దన్నట్టు సార్. అందుకే బూడిద రంగు. ఇప్పుడు మనం రెండు వందల పదకొండు ఊర్లను తీసేసినాము.”

“తీసేశారా? ఎవరు చెప్పారు మిమ్మల్ని తీసెయ్యమని?” కోదండపాణి గారు లేచి నిలబడ్డారు. “ఆడిట్ వస్తే నేనేం చెప్పాలి? వెంటనే అన్నిటినీ పచ్చ చేయించండి.”

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ‘గ్రామ ఎంపిక మహోత్సవం’ బుధవారం నాడు జరుగును. సిబ్బంది యావన్మందీ శుభ్రమైన చేతులతో హాజరు కావలెను.

బుధవారం హాలు గుమ్మానికి మామిడాకులు కట్టారు. కంప్యూటరుకు బొట్టు పెట్టారు. కోదండపాణి గారు అంకాలగుట్టను తన చేతుల మీదుగా నొక్కి ప్రారంభించారు. ఆ తర్వాత హోదాను బట్టి ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో ఊరు నొక్కారు. సూపరింటెండెంట్లకు మండల కేంద్రాలు, గుమాస్తాలకు పెద్ద ఊళ్ళు, అటెండర్లకు తండాలు. మధ్యాహ్నం భోజనాల వేళకు పెట్టెలో రెండు వందల పన్నెండు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులేసూ కొట్టాడు. కొట్టనివారి పేర్లు సూపరింటెండెంటు రాసుకుంటున్నాడు మరి.

ఏ ఊరినీ నొక్కకముందు లెక్కలో ఉన్న ఊళ్ళు రెండు వందల పన్నెండు. అన్నిటినీ నొక్కాక లెక్కలో ఉన్న ఊళ్ళు రెండు వందల పన్నెండు. మధ్యలో ఒక పూట పని జరిగింది.

సాధించిన ఎంపిక చెదిరిపోకుండా మౌస్‌ను తెల్లగుడ్డలో చుట్టి లక్క సీలు వేశారు. పక్కన ఒక హోంగార్డును కాపలా పెట్టారు. మూడున్నరకు కరెంటు పోయింది. వచ్చేసరికి పెట్టెలో సున్న. ‘కాపలా కాలంలో రెండు వందల పన్నెండు గ్రామములు ఎట్లు అదృశ్యమైనవో ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను’ అని హోంగార్డుకు మెమో ఇచ్చారు. అతను తన జేబులు తిప్పి చూపించాడు.

అదృష్టవశాత్తూ కరెంటు పోకముందే ఫోటో తీసి ఉన్నారు. ఫోటో రాజధానికి పంపారు. రాజధాని నుంచి ఒక్క వాక్యంలో జవాబు: కమిషనర్ గారి తెర మీద ఇంకా సున్నే ఉన్నది.

“ఎవరి తెర మీద ఎవరు నొక్కింది వాళ్ళకే కనిపిస్తాది సార్,” అన్నాడు ఓబులేసు. “మనం ఈడ నొక్కితే ఆయనకు కనపడదు.”

“ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా!”

“చెప్పబోతే వేదాంతం అన్నారు సార్.”

కోదండపాణి గారు ఆ మాట విననట్టు కాసేపు ఫ్యాను వైపు చూసి, గొప్ప నిర్ణయం తీసుకున్నారు. కమిషనర్ గారి తెర మీదే నొక్కాలంటే అక్కడికి వెళ్ళి నొక్కాలి. ఇద్దరు సీనియర్ గుమాస్తాలను ‘ఎంపిక బృందం’ పేరుతో రాజధానికి డిప్యుటేషన్ మీద పంపారు.

బృందం శుక్రవారం పొద్దున కమిషనర్ గారి గదికి చేరుకొని, ఆయన టీ తాగుతున్న పావుగంటలో రెండు వందల పన్నెండు పేర్లూ నొక్కేసింది. కమిషనర్ గారు పరమానందపడ్డారు. అదే తెర మీద మిగిలిన పన్నెండు జిల్లాల్లోని ఊళ్ళన్నీ బూడిదయ్యాయి.

ఆ వార్త పన్నెండు జిల్లాలకూ మధ్యాహ్నానికే చేరింది. శనివారానికి పన్నెండు ఎంపిక బృందాలు కమిషనర్ కార్యాలయం వరండాలో దిగాయి. ఒక జిల్లా వాళ్ళు లోపలికి వెళ్ళి తమ ఊళ్ళు నొక్కుకుంటారు. వెంటనే ఇంకో జిల్లా వాళ్ళు వెళ్ళి వాటిని చెరిపి తమవి నొక్కుకుంటారు. సోమవారం నాడు వరండాలో ఇద్దరు గుమాస్తాలు చొక్కాలు పట్టుకున్నారు. “మా జిల్లాను బూడిద చేస్తావా?” అని ఒకరు అరిస్తే, “మీరు పచ్చగా ఉన్నన్నాళ్ళూ మేమేమైనా అన్నామా?” అని ఇంకొకరు. అన్నీ కలిపి ఒకేసారి నొక్కవచ్చు కదా అని ఎవరికీ తట్టకపోలేదు. తట్టిన వారికి, అలా చేస్తే ఏ జిల్లా ప్రగతి ఎంతో ఎలా తెలుస్తుందని ఎదురు ప్రశ్న వచ్చింది.

మంగళవారం కమిషనర్ గారు సమస్యను పరిష్కరించారు. ‘హరిత సమయ పట్టిక’ జారీ అయింది. ఒక్కో జిల్లాకు రోజుకు ఇరవై నిమిషాల పాటు తెర మీద పచ్చగా ఉండే హక్కు. ఆ ఇరవై నిమిషాలలో గేటు దాటిన ట్యాంకర్లు నియమబద్ధం. గేటు దాటనివి మరుసటి రోజుకు.

ఓబులేసు జిల్లా వంతు పదకొండు నలభై నుంచి పన్నెండు గంటల దాకా.

జిల్లా కేంద్రం బయట నీళ్ళు నింపే చోటు ఉంది. అక్కడ పొద్దున్నుంచీ ట్యాంకర్లు నిండి, ఇంజన్లు ఆడుతూ, అకారాది క్రమంలో బారులు తీరి ఉండేవి. పదకొండు నలభైకి రాజధాని నుంచి ఫోను. “పచ్చ! పచ్చ!” గేటు తెరిచేవారు. ఒక్కో ట్యాంకరుకూ చలానా మీద మూడు సంతకాలు, రెండు ముద్రలు. పన్నెండుకు గేటు పడిపోయేది. మొదటిరోజు తొమ్మిది బయటపడ్డాయి. కోదండపాణి గారు స్వయంగా నిలబడి ముద్రలు వేయించిన రెండోరోజు పదకొండు. ప్రతిరోజూ బారు మళ్ళీ మొదటినుంచి, అకారాది క్రమంలోనే. అలా అంకాలగుట్టకు వరసగా ఆరు రోజులు నీళ్ళు వెళ్ళాయి. అక్కడ పశువులను కూడా కడిగారని వార్త.

సూదిగుట్టపల్లె ఆ బారులో రెండు వందల నాలుగోది.

ఏడో రోజు ఆ ఊరి సర్పంచి లచ్చుమక్క బస్సెక్కి వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. వేరుశెనగ చేలో పనికి పోయే మనిషే సర్పంచి అయింది. అర్జీ ఏమీ తేలేదు. ఖాళీ ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకొని నేరుగా కోదండపాణి గారి గదిలోకి వెళ్ళింది.

“ఏం సార్, మా ఊరు ఏం పాపం జేసె? బూడిద రంగు అంటాండారంట?”

“అమ్మా, మీ గ్రామం ఎంపికలోనే ఉంది. సమయపాలనకు లోబడి, దశలవారీగా...” అన్నారు కోదండపాణి గారు.

“యా దశ సార్? మేము రెండు మైళ్ళు పోయి మామిడి తోట కాడ అడుక్కొని తెచ్చుకుంటాండాము. ఆ తోటాయప్ప గూడా నిన్నట్నుంచి గేటేసినాడు. ఇద్దరు ముసిలోళ్ళు ఎండదెబ్బ తగిలి మంచాన పడినారు. నాకు దశలు చెప్పాకు.”

“ఓబులేసు గారూ, ఈవిడకు సాంకేతిక వివరాలు తెలియజేయండి,” అని కోదండపాణి గారు ఫైలు తెరిచారు. తెలియని సంగతిని ఎదుటివారికి వివరించే బాధ్యత కింది ఉద్యోగికి అప్పగించడం ఆయన ముప్పయ్యేళ్ళ అనుభవం నేర్పిన విద్య.

ఓబులేసు ఆమెను తన బల్ల దగ్గరికి తీసుకుపోయి, కుర్చీ వేసి, కుండలోని మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె సగం తాగి, మిగతావి బిందెలో పోసుకుంది. ఓబులేసు తెర తెరిచి చూపించాడు. పచ్చ ఏమిటో, తెలుపు ఏమిటో, బూడిద ఏమిటో చెప్పాడు. పెట్టెలోని అంకె దేన్ని లెక్క పెడుతుందో చెప్పాడు. అంతా కలిపి రెండు నిమిషాలు.

లచ్చుమక్క తెర వైపు కాసేపు చూసింది.

“అంటే, పెండ్లికి పిలిచినట్ల గదా,” అంది. “పేర్లు పెట్టకుండా ఊరంతా రాండి అంటే అందరూ వచ్చేటోళ్ళే. ఎవుర్ని పేరు పెట్టి పిలిచినావు అంటే ఎవుర్నీ ల్యా. సున్న. అట్లని పెండ్లికి ఎవురూ రారని కాదు గదా. ఒకర్ని మాత్రం పేరు పెట్టి పిలిస్తే, మిగిలినోళ్ళు మొగం మాడ్చుకుంటారు. అదే బూడిద.”

ఓబులేసు మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక కమిషనరు, పదమూడు మంది డిప్యూటీ డైరెక్టర్లు, ఇరవై ఆరు మంది బృంద సభ్యులు, మూడు వందల పేజీల పుస్తకం. వీళ్ళందరి మధ్యా రెండు వారాలుగా తిరుగుతున్న సంగతి ఈమెకు బస్సు దిగిన పావుగంటలో తెలిసిపోయింది.

“అంతే అక్కా. సరిగ్గా అంతే.”

“మరి నీకు ముందే తెలుసు గదా సార్?”

“మొదటిరోజే తెలుసు.”

“తెలిసినోడివి ఏం చేస్తాండావు?”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. చప్పట్లు కొట్టాను అని ఓబులేసు చెప్పలేడు కదా. “చెప్పి చూసినా అక్కా,” అన్నాడు.

“చెప్తే ఇన్యారా?”

“లేదు.”

“మరింక చెప్పేదేముంది? చెయ్యి.” ఆమె బిందె ఎత్తుకొని, మూడున్నర బస్సు అందుకోవాలని వెళ్ళిపోయింది.

ఓబులేసు ఆమె వెళ్ళిన దారి వైపు చూశాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క మెమో లేదు. అనుమతి లేకుండా గుండుసూది కూడా కదిలించిన మనిషి కాదు. అయితే జిల్లా పేజీలో సూత్రాలు మార్చే అధికారం కాగితం మీద గణాంక సహాయకుడికి ఉంది. పుస్తకంలో రెండు వందల నలభయ్యో పేజీ. అది చదివినవాడు ఇంకొకడు లేడు కాబట్టి రద్దు చేసినవాడూ లేడు.

అతను పెట్టె సూత్రం తెరిచాడు. అందులో ఒక్క మాట ఉంది: నొక్కిన పేర్లెన్నో చూపించు. అతను దానికి ముందు ఇంకొక్క మాట చేర్చాడు: ఈ జిల్లాలో ఎవరూ ఏ పేరూ నొక్కకుండా ఉంటే, లెక్కలో ఉన్న ఊళ్ళన్నీ చూపించు. చేర్చి, భద్రపరిచే మీట నొక్కాడు. టైపు చేసింది ఒక్క వరుస.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి కమిషనర్ గారు తెర తెరిచారు. ఎవరూ ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. బృందాలన్నీ వరండాలో ఉప్మా తింటున్నాయి. ఓబులేసు జిల్లా ఎదురుగా రెండు వందల పన్నెండు అని ఉంది. ఏ ఊరూ పచ్చగా లేదు. ఏ ఊరూ బూడిదగా లేదు. అన్నీ తెల్లగా, మొదటిరోజు ఎలా ఉన్నాయో అలాగే.

ఉత్తర్వు ప్రకారం పెట్టెలో అంకె ఉన్నంతసేపూ ట్యాంకర్లు వదలాలి. వదిలారు. బృందాలు వచ్చి తమ తమ ఊళ్ళు నొక్కుకున్నా ఆ అంకె చెదరలేదు. గేటుకు ఆ రోజు మూత పడలేదు. సాయంత్రానికి రెండు వందల పన్నెండు ఊళ్ళకూ నీళ్ళు వెళ్ళాయి. మరునాడు కూడా. ఆ మరునాడు కూడా.

ఇలాంటి అద్భుతానికి ఎవరో ఒకరు కారకులై ఉండాలి కాబట్టి, కోదండపాణి గారు అయ్యారు. కమిషనర్ గారు వీడియో సమావేశంలో ఆయన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. “చేయి వేయకుండానే నూటికి నూరు శాతం! దీన్నే నేను శూన్యస్పర్శ ఎంపిక అంటున్నాను.” మిగిలిన పన్నెండు జిల్లాల వారికీ ఈ పద్ధతి నేర్పడానికి కోదండపాణి గారిని ప్రత్యేక శిక్షకుడిగా నియమించారు. ఆయన శాలువా కప్పుకొని వచ్చి, ఓబులేసును గదిలోకి పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగా అడిగారు.

“ఇంతకీ మనం ఏం చేశామయ్యా?”

ఓబులేసు చెప్పాడు. ఆయన అంతా విన్నారు.

“అంటే సూత్రం మార్చావా? ఎవరి అనుమతితో?”

“అడిగితే ఇచ్చేటోళ్ళా సార్?”

“అడగకపోవడం వల్లనే కదా దీన్ని నేరం అంటారు,” అన్నారు కోదండపాణి గారు. ఆయన దుర్మార్గుడు కాదు. పద్దెనిమిది నెలల సర్వీసు మిగిలిన మనిషి. ఆ సాయంత్రమే, శాలువా భుజం మీద ఉండగానే, పై అధికారులకు రహస్య నివేదిక పంపారు. విజయం తనది, విధానం తనకు తెలియదు అన్నది దాని సారాంశం.

విచారణకు అదనపు కమిషనర్ నళిని గారు వచ్చారు. ఇంకా నలభై నిండని మనిషి. మాటలో ఆర్భాటం లేదు. అతిథి గృహంలో ఓబులేసును ఎదురుగా కూర్చోబెట్టుకొని, కంప్యూటర్ తన వైపు తిప్పుకొని, అతను మార్చిన సూత్రాన్ని ఒకసారి చదివారు.

“బాగుంది. మొదటే ఇలా పెట్టి ఉండాల్సింది,” అన్నారు.

ఓబులేసు నమ్మలేకపోయాడు. “మేడం, మీకు అర్థమైందా?”

“మొదటి సమావేశం రోజే అర్థమైంది. నేను కమిషనర్ గారి పక్క కుర్చీలోనే ఉన్నాను.”

“మరి చెప్పల్యా మేడం?”

నళిని గారు కంప్యూటర్ మూత వేశారు. “అర్థం కానివారెవరైనా ఉన్నారా అని ఆయన అడిగారు. అర్థమైనవారు ఉన్నారా అని అడగలేదు.”

ఆమె విచారణ ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

“చూడండి ఓబులేసు గారూ. మీరు చేసింది ఒప్పు అని నేను రాయాలంటే, సున్న అంటే అన్నీ అని రాయాలి. అలా రాస్తే, మొదటి సమావేశం పొరపాటు. మహోత్సవం పొరపాటు. డిప్యుటేషన్లు, సమయ పట్టిక, నిన్నటి సన్మానం అన్నీ పొరపాటు. అంత పొడుగు పొరపాటుకు ప్రభుత్వంలో నమూనా పత్రం లేదు. మీ ఒక్కరి పొరపాటుకైతే ఉంది.”

“సూత్రం వెనక్కి మారుస్తారా మేడం?”

ఆమె అతని ముఖంలోకి చూశారు. ఉద్యోగం గురించి అడుగుతాడని ఆమె అనుకున్నారు.

“మార్చరు. దానికి శూన్యస్పర్శ అని పేరు పెట్టేశారు. పేరు పెట్టినదాన్ని మేము తీసేయం.”

“అయితే మీ ఇష్టం మేడం. రాసుకోండి,” అన్నాడు ఓబులేసు.

తీర్పు నెల చివర వచ్చింది. ‘సదరు ఉద్యోగి రెండు వందల పన్నెండు గ్రామములను పూర్వానుమతి లేకుండా ఎంపిక చేసినట్లు రుజువైనందున’ తీవ్రమైన మందలింపు. అయితే ఎంపిక చేసింది ఒక్క గ్రామం కాదు కాబట్టి, నిబంధనల ప్రకారం ఒక్కో గ్రామానికి ఒక్కో అభియోగం, ఒక్కో అభియోగానికి ఒక్కో మందలింపు. రెండు వందల పన్నెండు మందలింపులు అట్టపెట్టెలో వచ్చాయి. ప్రతిదాని అడుగునా, ముట్టినట్లు ఓబులేసు సంతకం చేయాలి.

అతను మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడు. అంకాలగుట్టను అనుమతి లేకుండా ఎంపిక చేసినందుకు ఒక సంతకం. తర్వాతి ఊరికి ఇంకొకటి. మొదటి ఇరవై కాగితాలకు అవమానంగా అనిపించింది. యాభై దాటాక విసుగొచ్చింది. నూరు దాటాక, ఒక్కో కాగితం మీది ఊరి పేరు పైకి చదివి మరీ సంతకం పెట్టసాగాడు. పక్క బల్ల గుమాస్తా తలెత్తి చూసి, ఇతనికి మతి చలించిందేమోనని కుర్చీ కొంచెం జరుపుకున్నాడు.

నూట అరవై మూడో కాగితం దగ్గర ఫోను మోగింది.

“సార్, నేను సూదిగుట్టపల్లె లచ్చుమక్కని. పనిలో ఉండావా?”

“సంతకాలు పెడ్తాండా అక్కా. చెప్పు. ట్యాంకరు రాలేదా?”

“వచ్చె. రెండోది గూడా వచ్చె. అదే చెప్దామని చేసినా. తాగేదానికి పోను మిగిలింటే, ఈ పొద్దు పిల్లోల్లందరికీ తలకు పోసినాము. నెల పైనయ్యింటాది సార్, వాళ్ళు తలకు పోసుకోక.”

ఆమె వెనక పెద్ద గోలగా ఉంది. కుంకుడు రసం కంట్లో పడ్డ ఏడుపులు, చెంబుల చప్పుడు, ఎవరినో పట్టుకోమని అరుస్తున్న ఆడవాళ్ళ గొంతులు. ఓబులేసు పెన్ను కింద పెట్టి, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకున్నాడు.

“ఎంతమంది పిల్లోల్లు అక్కా?” అని అడిగాడు, అలవాటు కొద్దీ.

“లెక్క ఎవురు పెట్టినారు సార్?” అంది లచ్చుమక్క. “ఊర్లో ఉండేటోళ్ళంతా.”